వెనక చక్రం మోత: బేరింగు పోయిందని ఎలా తేల్చుకోవాలి, ఎలా మార్చుకోవాలి

మీ 125 సీసీ బండి 40 కిలోమీటర్ల వేగం దాటగానే వెనక నుంచి గూమని మోత వస్తోందని, చైను స్ప్రాకెట్ సెట్టు కొత్తది వేయించినా అది తగ్గలేదని, ఇప్పుడు మెకానిక్ చక్రం బేరింగులు మార్చాలంటున్నారని, ఆ మాట నిజమేనా, ఆ పని ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి బేరింగును (రెండు ఉక్కు రింగుల నడుమ గుండ్లు తిరుగుతూ, ఇరుసు మీద చక్రాన్ని తేలికగా తిరగనిచ్చే భాగం) అనుమానించడం సబబే. అయితే మోత ఒక్కదాన్నే నమ్మి విడిభాగాలు కొనవద్దని నా మనవి, ఎందుకంటే ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా ఇంచుమించు ఇలాంటి శబ్దమే చేస్తుంది, మీ విషయంలో ఇప్పటికే ఒక సెట్టు ఖర్చు వృథా అయింది.

ముందుగా ఖాళీ రోడ్డు మీద మోత మొదలైన వేగానికి చేరాక క్లచ్ పట్టుకుని బండిని దానంతట అది దొర్లనివ్వండి. ఇంజను వేగం పడిపోయినా మోత అలాగే ఉండి, చక్రం నెమ్మదించే కొద్దీ తగ్గితే, లోపం ఇంజనులో లేదని, చక్రం, టైరు, చైను ఈ మూడింటిలో ఎక్కడో ఉందని అర్థం. తరువాత బండిని సెంటర్ స్టాండు వేసి, ఇరుసు నట్టు బిగుతుగా ఉందో లేదో చూసి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ కదిలించండి. ఆ సమయంలో మరొకరు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కదిలే చట్రం) మీద చెయ్యి ఆనించి ఉంచాలి. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా కదులుతుంటే అరిగినవి దాని బుష్‌లు. స్వింగ్ ఆర్మ్ స్థిరంగా ఉండి చక్రం మాత్రమే ఊగితే అప్పుడు బేరింగు. ముందు చక్రానికీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ హ్యాండిల్ దగ్గరి కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులైతే చక్రమే ఊగుతున్నట్టు భ్రమ కలుగుతుంది. డిస్క్ బ్రేకు ఉన్న చక్రంలో బేరింగు వదులైతే ఇంకో గుర్తు కూడా కనిపిస్తుంది: డిస్క్ పక్కకు ఊగి ప్యాడ్లను వెనక్కు నెడుతుంది కాబట్టి, కాసేపు నడిపాక మొదటిసారి లివరు పట్టినప్పుడు అది మామూలు కంటే లోపలికి వెళుతుంది.

చక్రం ఊగడం లేదు కనుక బేరింగు బాగుందని మాత్రం అనుకోవద్దు. నేను చూసినంతవరకు మన ప్రాంతపు బళ్లలో బేరింగు ముందు తుప్పు పట్టి గరుకెక్కుతుంది, వదులు కావడం ఆ తరువాతి దశ. కచ్చితమైన పరీక్ష చక్రం విప్పాకే సాధ్యం. బేరింగు లోపలి రింగులో వేలు పెట్టి, కొంచెం నొక్కుతూ, చాలా నెమ్మదిగా తిప్పండి. మంచి బేరింగు చిక్కటి తేనెలో కదిలినట్టు ఒకే తీరుగా తిరుగుతుంది. ఇసుక తగిలినట్టున్నా, ఒకచోట పట్టి మరొకచోట వదులుతున్నా, సీలు (బేరింగు పక్కన ఉండే మూత) అంచున గోధుమ రంగు నీళ్ల మరక ఉన్నా ఆ బేరింగు పని అయిపోయినట్టే, దానికి మళ్లీ గ్రీజు నింపి లాభం లేదు. చాలా బళ్లలో స్ప్రాకెట్ కూర్చునే డ్రమ్ములో విడిగా మూడో బేరింగు ఉంటుంది. చైను లాగే బలమంతా దాని మీద పడుతుంది, చైను మరీ బిగించి నడిపితే ముందుగా అరిగేదీ అదే. హబ్‌లోని (చక్రం నడిమి భాగంలోని) రెండింటినే చూసి దాన్ని వదిలేయడం తరచుగా జరుగుతుంది.

బేరింగు మీద అచ్చు వేసిన సంఖ్యను చూసి కొత్తది కొనండి. 100, 125 సీసీ బళ్లలో తరచుగా కనిపించే 6301 అంటే లోపలి రంధ్రం 12, బయటి వ్యాసం 37, మందం 12 మిల్లీమీటర్లు. సంఖ్య తరువాత 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు, జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత. వానలో, బురదలో తిరిగే బండికి రబ్బరు సీలు ఉన్నదే వేయాలని నా అభిప్రాయం. సీ3 అని ఉంటే లోపలి ఖాళీ మామూలు కంటే కొంచెం ఎక్కువ అని అర్థం కాబట్టి, పాత దాని మీద లేకుండా కొత్త దాని మీద ఉంటే దుకాణదారును అడిగి మార్చుకోండి. జైపూర్‌లో తయారయ్యే ఎన్‌బీసీ వంటి పేరున్న కంపెనీ బేరింగులే తీసుకోండి, కాని నకిలీలు ఉన్నాయి కనుక నమ్మకమైన దుకాణంలోనే కొనండి. ఒకటి పాడైనా హబ్‌లోని రెండింటినీ కలిపే మార్చాలి.

ఇక బిగింపు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే కొత్త బేరింగు కొద్ది నెలలకే పోయిందని వినిపించే ఫిర్యాదుల మూలం చాలావరకు ఇక్కడే ఉంటుంది. మా తమ్ముడు కృష్ణా డెల్టాలో కాలువ గట్ల మీద పాల క్యాన్లతో తిరుగుతాడు. ఒక షెడ్డులో వేయించిన కొత్త బేరింగులు ఒక్క వానాకాలం కూడా నిలవలేదు. నేను వాటిని కోసి చూస్తే, గుండ్లు తిరిగే గాడిలో, గుండుకూ గుండుకూ ఎంత ఎడం ఉందో సరిగ్గా అంతే ఎడంతో చిన్న చిన్న నొక్కులు ఉన్నాయి. తుప్పు గాని, నీళ్లు గాని అలాంటి గుర్తులు పెట్టవు. లోపలి రింగు మీద సుత్తితో కొట్టి దించితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా బయటి రింగుకు చేరి ఇలా నొక్కులు పడతాయి. కాబట్టి కొత్త బేరింగును దించేటప్పుడు బలం బయటి రింగు మీద మాత్రమే పడాలి. బయటి రింగుకు సరిపోయే సాకెట్టు గాని, అంచు సాపు చేసిన పాత బేరింగు బయటి రింగు గాని ఆనించి కొట్టవచ్చు.

రెండో సంగతి స్పేసరు. హబ్ లోపల రెండు బేరింగుల నడుమ ఒక ఇనుప గొట్టం ఉంటుంది, మన షెడ్లలో దాన్ని కాలర్ అనీ అంటారు. ఇరుసు నట్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడి పక్క బుష్ నుంచి ఒక లోపలి రింగుకు, అక్కడి నుంచి స్పేసరు మీదుగా రెండో లోపలి రింగుకు చేరుతుంది, గుండ్ల మీద పడదు. స్పేసరు అంచులు అరిగి పొట్టి అయినా, అసలు వేయడమే మరిచిపోయినా, నట్టు బిగించే కొద్దీ రెండు లోపలి రింగులూ ఒకదాని వైపు ఒకటి లాక్కుపోయి, గుండ్లు గాడి పక్కకు నొక్కుకుంటాయి. దీనికి పూర్తిగా విరుద్ధమైన తప్పు కూడా ఉంది. మొదటి బేరింగును హబ్‌లో మెట్టు తగిలేదాకా దించాలి. స్పేసరు పెట్టాక, రెండో బేరింగును దాని లోపలి రింగు స్పేసరుకు తాకేంత వరకే దించి ఆపాలి. అక్కడ బయటి రింగుకూ మెట్టుకూ మధ్య సన్నని ఖాళీ మిగులుతుంది, మిగలాలి కూడా. అది కూడా అంటుకోవాలని ఇంకా కొడితే స్పేసరు రెండు లోపలి రింగులనూ బయటికి నెట్టి ఉంచుతుంది. సరిగ్గా కూర్చుంటే స్పేసరును వేలితో బలంగా నెట్టినప్పుడు కొద్దిగా పక్కకు జరుగుతుంది, రెండు బేరింగులూ తేలికగా తిరుగుతాయి. ఏ వైపు బేరింగు ముందు దించాలో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి.

విప్పడం సులభమే. ముందు ఆయిల్ సీలు గాని, సర్‌క్లిప్పు (బేరింగు జారకుండా పట్టే స్ప్రింగు రింగు) గాని ఉంటే తీసేసి, పొడవాటి మొద్దు కడ్డీతో స్పేసరును పక్కకు జరిపి, అవతలి బేరింగు లోపలి రింగు అంచు దొరకబుచ్చుకుని, ఒకేచోట కాకుండా చుట్టూ మార్చి మార్చి తట్టండి. అలా తీసిన బేరింగును మళ్లీ వాడకూడదు. అల్లాయ్ చక్రమైతే హాట్ ఎయిర్ గన్‌తో హబ్‌ను 90 డిగ్రీల వరకు వేడిచేస్తే పని సగం తగ్గుతుంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, 37 మిల్లీమీటర్ల రంధ్రం 60 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.05 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది, బేరింగు బిగువు కూడా అలాంటి వందో వంతుల లెక్కే. కొత్త బేరింగును కవరులో పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. గ్యాస్ మంట మాత్రం వద్దు, టైరూ రంగూ పాడవుతాయి. చల్లని హబ్‌లో కొత్త బేరింగు చేత్తో నొక్కితేనే దిగిపోతే ఆ రంధ్రం అరిగిపోయింది. రంధ్రం గోడ మీద పంచ్‌తో పోట్లు పొడిచి బిగువు తెప్పించడం తాత్కాలికమే, అక్కడ హబ్ మార్చడమే సరైన పని.

బిగించాక చైను ఆట (వదులు) మాన్యువల్‌లో చెప్పినంత ఉంచి, ఇరుసు నట్టును టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపే రెంచి) బిగించి, చక్రం చేత్తో తిప్పి చూడండి. నట్టు వదులుగా ఉన్నప్పుడు తేలికగా తిరిగి, బిగించగానే పట్టేస్తుంటే మళ్లీ విప్పి స్పేసరు చూడవలసిందే. అలాగే వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నీటిని హబ్ మధ్యకు సూటిగా కొట్టనివ్వకండి, ఆ వేగానికి రబ్బరు సీలు కూడా ఆగదు.

టార్క్ రెంచి, సరిపోయే సాకెట్లు, సెంటర్ స్టాండు ఉంటే ఈ పని ఇంట్లో నిశ్చింతగా చేసుకోవచ్చు. లేకపోతే చక్రం ఒక్కటే విప్పి షెడ్డుకు తీసుకువెళ్లి, దగ్గర నిలబడి, పాత బేరింగులూ స్పేసరూ మీకు చూపించమని, కొత్త బేరింగులను బయటి రింగు మీదే కొట్టమని ముందే చెప్పి చేయించుకోండి.