నేవీకి పోతాండే మనవడికి తాత చెప్పే నాలుగు మాటలు

అబ్బీ, నువ్వు ఒడిశాలో ఉండే చిల్కాకు నేవీ ట్రైనింగ్‌కి పోతాండావని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది, నేను నవ్వినా, దానికి ఇంకా కోపమొచ్చింది. పరుగు, పరేడ్, బూట్ పాలిష్ గురించి నేనేం చెప్పను, కొన్నాళ్ళకు ఒళ్ళే అలవాటు పడతాది. ఈత మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. మన అనంతపురం పక్క బావులన్నీ ఎండిపోయినాయి, టౌన్‌లో యాడన్నా పూల్ ఉంటే కనుక్కో, ఫీజు నేను కడతా. నేను తోట బావిలో నడుముకు బెండు కట్టుకుని నేర్చినోణ్ణి, అయినా వైజాగ్‌లో బాయ్స్ ట్రైనింగప్పుడు పైనుంచి దూకమంటే కాళ్ళు వణికినాయి.

ఓడెక్కినాక మొదటి రెండ్రోజులు కక్కుతావు, సిగ్గుపడాకు. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువైతాది, ఒట్టి బిస్కెట్లో వేయించిన చెనిక్కాయలో కొంచెం కొంచెం నములు, పైకొచ్చి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటు చూస్తా ఉండు. మంచినీళ్ళు పొదుపుగా వాడాల, అది మనోళ్ళకు ఎవురూ నేర్పక్కర్లేదులే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఫోన్ గురించి. ఓడ యాడుంది, ఎప్పుడు బయలుదేరతాది, ఇవి వాట్సాప్‌లో అమ్మకు కూడా పెట్టాకు. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు నేను విక్రాంత్ అనే విమానాలు మోసే మన ఓడలో, బాయిలర్ రూమ్‌లో ఉన్నా, పద్దెనిమిదేళ్ళు. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు, ఓడ ఫుల్ స్పీడ్ పోలేదు, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మా ఓడ కోసమే బంగాళాఖాతంలోకి వచ్చింది. మమ్మల్నేమో గుట్టుగా అండమాన్ పక్కకు పంపించేసినారు. వైజాగ్ దగ్గర మన ఇంకో ఓడ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ తానే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్‌లో మాట్లాడింది, ఊర్లో మా ఓడకని చెప్పి కూరగాయలు, మాంసం ఆర్డర్ పెట్టినారు, ఆఖరికి విక్రాంత్ సైలర్ ఒకడు జబ్బుపడిన తల్లి గురించి అడిగినట్టు దొంగ టెలిగ్రాం కూడా ఇచ్చినారంట. డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ వైజాగ్ దగ్గరే మునిగిపోయింది, 4న మా ఓడ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉండే కాక్స్ బజార్ మీద బాంబులేసినాయి. కింద ఉన్న మాకు వేడీ, మోతా తప్ప ఏం తెలీదు, ఈ కథంతా చానా ఏండ్లకు చదివి తెలుసుకున్నా.

ఆ టెలిగ్రాం సంగతి చదివినప్పుడు మాత్రం కాసేపు పేపర్ పక్కన పెట్టేసినా. లేని తల్లి కోసం టెలిగ్రాం పోయింది, ఇక్కడ మా అమ్మకు రెండు నెలలు నా ఉత్తరం లేదు, రోజూ పోస్ట్‌మ్యాన్ కోసం అరుగు మీదే కూర్చునేదంట.

కాబట్టి పోయేలోపల అమ్మను కూర్చోబెట్టి చెప్పు, ఫోన్ రాకపోతే ఓడ సముద్రంలో ఉందని అనుకోమను. నువ్వు చెప్తేనే వింటాది, నేను చెప్తే మళ్ళీ కోపమొస్తాది.