చల్లగా ఉంటే చాలదు, గాలి మారాలి

చిరంజీవి శ్రీనుకు,

పెదనాన్న ఆశీస్సులు. మాదాపూర్‌లో ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనం బాధ్యత నీ చేతికి వచ్చిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ముప్పై ఏళ్లు ఏసీ ప్లాంట్ల మధ్య గడిపినవాడిగా ఒక మాట గట్టిగా చెబుతున్నాను. చల్లదనం వేరు, మంచి గాలి వేరు. బయటి గాలి కలవకపోతే నూరుమంది వదిలిన ఊపిరినే యంత్రం చల్లబరిచి మళ్లీ వాళ్లకే ఇస్తుంది.

ప్రతి అంతస్తులోని, గాలిని చల్లబరిచి గదులకు పంపే యంత్రం ఉండే ఏహెచ్‌యూ గదికి నువ్వే వెళ్లు. బయటి గాలి వచ్చే దారికి ఉండే రెక్కల తలుపు, అంటే డ్యాంపరు, తెరిచి ఉందో లేదో నీ కళ్లతో చూడు, రిజిస్టరును నమ్మకు. నేను పనిచేసిన ఒక భవనంలో మధ్యాహ్నం మూడయ్యేసరికి మీటింగు గదుల్లో అందరికీ తలనొప్పి, ఆవులింతలు. భోజనం తర్వాతి మగత అనుకుని నెలలు గడిపాం. ఒకరోజు టార్చి వేసి చూస్తే, కరెంటు ఆదా అవుతుందని ఎవరో డ్యాంపరుకు ప్లైవుడ్ ముక్క బిగించి చుట్టూ టేపు అంటించారు. ఆ టేపు మీద బూడిదరంగు దుమ్ము దళసరిగా పేరుకుపోయి ఉంది. అన్నాళ్లూ నేను చూడనందుకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలోనూ ఇదే జరిగింది. ఇంధనం మిగలాలని మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటి గాలితో సరిపెట్టారు. భవనంలో ఉన్నంతసేపూ జనానికి తలనొప్పులు, కళ్ల మంటలు. 1989లో ఏసీ, గాలి ప్రమాణాలు రాసే అక్కడి ఇంజినీర్ల సంఘం ఆష్రే ఆఫీసులకు దాన్ని 20కి పెంచింది.

కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొనిపించు. బయట 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) ప్రాంతంలో చూపుతుంది. గదిలో 1,000 దాటితే బయటి గాలి చాలడం లేదని అర్థం చేసుకో. ఫిల్టరు ధూళిని ఆపుతుంది కానీ ఈ వాయువును ఆపజాలదు. మన రోడ్ల ధూళికి మెర్వ్ 13 ఫిల్టరు మంచిదే (ఫిల్టరు ఎంత సన్నని ధూళిని పడుతుందో చెప్పే అంకె మెర్వ్). అయితే దాని ఒత్తిడిని ఫ్యాను తట్టుకుంటుందో లేదో ముందే తేల్చుకో. గాలి తీసుకునే జాలీ దగ్గర జనరేటరు పొగగొట్టం ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఊరుకోకు. ఏసీ నుంచి కారే నీళ్లు పడే డ్రెయిన్ ట్రేలో నీళ్లు నిలవనివ్వకు.

యజమాని కరెంటు బిల్లు ముందు పెడతాడు. రాత్రి భవనం ఖాళీగా ఉన్నప్పుడు డ్యాంపరు మూసి, ఉదయం జనం రావడానికి గంట ముందు తెరుస్తామని చెప్పు. అప్పటికీ ఒప్పుకోకపోతే, పదిమందితో నిండిన మీటింగు గదిలో తలుపు మూసి, మీటరు బల్ల మీద ఆయన ఎదురుగా పెట్టి, గంటసేపు మాట్లాడు.

మీ పెదనాన్న