కొండల నడుమ ద్రాక్షపందిళ్లు: కాల్టెర్న్ వెళ్లేవారి ప్రశ్నలు

ప్రశ్న: ఆల్ప్స్ అంటే స్వెట్టర్లే అనుకున్నాం. ఇటలీ ఉత్తరాన సౌత్ టిరోల్‌లోని కాల్టెర్న్ ఫొటోల్లో మాత్రం ఈత కొట్టే సరస్సు, తాటిజాతి చెట్లు కనిపిస్తున్నాయి. నిజంగా అంత వెచ్చగా ఉంటుందా? ఏ నెల మంచిది?

జవాబు: వెచ్చదనం నిజమే. జులైలో అయితే ఎండ మాడ్చేస్తుంది కూడా. ఉత్తరాది చలిగాలిని ఆల్ప్స్ ప్రధాన శ్రేణి ఆపేస్తుంది. అడిజె నది లోయ దక్షిణం వైపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి గార్డా సరస్సు దిక్కునుంచి వెచ్చటి గాలి లోపలికి వస్తుంది. లోయ అడుగుభాగం సముద్రమట్టానికి 200 నుంచి 260 మీటర్ల ఎత్తులోనే ఉంది. చుట్టూ కొండలున్న పల్లంలో ఇరుక్కున్న బోల్జానో, అంటే సౌత్ టిరోల్ ముఖ్య నగరం, నడివేసవిలో ఇటలీలో బాగా వేడెక్కే నగరాల్లో ఒకటి. అందుకే జులై, ఆగస్టుల్లో వెళ్తే బస నగరంలో తీసుకోకండి. కాల్టెర్న్ ఊరు సుమారు 425 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రిపూట కాస్త చల్లబడుతుంది.

ఈత ముఖ్యమైతే జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా బాగుంటుంది. ఆగస్టు 15 ఇటలీ అంతటా పెద్ద సెలవు. దానికి అటూఇటూ వారం గదులు దొరకవు, దొరికినా ధర కొండెక్కి ఉంటుంది. ఈత అక్కర్లేదంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు వెళ్లడమే మా సలహా. అప్పుడు ద్రాక్ష, ఆపిల్ కోతలు నడుస్తుంటాయి. ఏప్రిల్‌లో ఆపిల్ పూత చూడముచ్చటే కానీ తెల్లవారుజామున ఒక్కోసారి నీరు గడ్డకట్టేంత చలి వేస్తుంది. అలాంటి రాత్రుల్లో రైతులు తోటలపై నీళ్లు చిమ్ముతారు. నీరు గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే వేడి మొగ్గను కాపాడుతుంది. పొద్దున్నే అటు వెళ్తే చెట్లన్నీ గాజుపూత వేసినట్టు మెరుస్తుంటాయి. నవంబర్ చివరి నుంచి మార్చి దాకా చాలా హోటళ్లు మూసే ఉంటాయి.

ప్రశ్న: కారు అద్దెకు తీసుకోవాలా? మ్యూనిక్‌లో దిగుతున్నాం.

జవాబు: అక్కర్లేదు. మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్, బ్రెన్నర్ కనుమ మీదుగా బోల్జానోకి నేరుగా రైళ్లున్నాయి, దాదాపు నాలుగు గంటల ప్రయాణం. కాల్టెర్న్‌కి రైలు లేదు. ఒకప్పటి రైలుదారి ఇప్పుడు సైకిల్ బాట అయింది. బోల్జానో స్టేషన్ దగ్గర బస్సెక్కితే అరగంట పైచిలుకు. బోర్డుల మీద ప్రతి ఊరికీ జర్మన్‌లో, ఇటాలియన్‌లో రెండు పేర్లుంటాయి: కాల్టెర్న్‌నే కల్దారో అని, ట్రామిన్‌నే తెర్మెనో అని రాస్తారు. రెండూ గుర్తుపెట్టుకోకపోతే కళ్లముందే బస్సు వెళ్లిపోతుంది.

చాలా హోటళ్లు, ఫామ్ హౌస్‌లు సౌత్ టిరోల్ గెస్ట్ పాస్ ఇస్తాయి. దాంతో ఆ ప్రాంతపు బస్సులు, లోకల్ రైళ్లు ఉచితం. మ్యూనిక్ నుంచి వచ్చే దూరప్రాంతపు రైళ్లలో అది చెల్లదు. అన్ని బసలూ ఈ పథకంలో లేవు కాబట్టి బుక్ చేసే ముందే అడగండి, ఏ రోప్‌వేలు కలుస్తాయో కూడా. గది అద్దె కాకుండా తలకి, రాత్రికి ఇంతని స్థానిక పన్ను విడిగా కట్టాలి. 14 ఏళ్లలోపు పిల్లలకి ఉండదు.

కారే కావాలంటే ఖర్చు, చిక్కు రెండూ ఉన్నాయి. ఆస్ట్రియాలో హైవే పాస్ (విన్యెట్) కొనాలి, బ్రెన్నర్ దారికి టోల్ వేరు, ఇటలీలోని ఏ22 రోడ్డుకి మరో టోల్. యూరప్ బయటి లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. పాత ఊళ్ల నడిబొడ్డున ‘జెడ్‌టీఎల్’ అని రాసిన చోట బయటి బండ్లకు ప్రవేశం లేదు. కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది, నెలలు గడిచాక జరిమానా అద్దె కంపెనీ ద్వారా మీ చేతికొస్తుంది. ఇక వైన్ రుచిచూసి నడిపే ఆలోచన ఉంటే మానుకోండి. రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు దాటకూడదు, లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండనివారికి అసలు సున్నాయే.

ప్రశ్న: వైన్ గురించి మాకేమీ తెలియదు. ఏం అడగాలి, ఎలా తాగాలి?

జవాబు: మూడు పేర్లు చాలు. ఫెర్నాట్ష్ లేత ఎరుపు, తేలిక, చల్లగా 12 నుంచి 14 డిగ్రీల దగ్గర బాగుంటుంది. కాల్టెర్న్ సరస్సు పేరుతో అమ్మే వైన్ దీని నుంచే వస్తుంది. లాగ్రైన్ ముదురు రంగు, వగరు ఎక్కువ, భోజనంతో పుచ్చుకోవాలి. గెవుర్ట్స్‌ట్రామినర్ తెలుపు, గులాబీ, లిచీ వాసనలతో గుప్పుమంటుంది. ఎక్కువమంది మొదట దానికే పడిపోతారు, రెండో గ్లాసుకి మొహం మొత్తుతుంది. కాబట్టి ఫెర్నాట్ష్‌తో మొదలుపెట్టి దాన్ని చివరికి ఉంచండి. రుచిచూసే చోట బల్లమీద ఉమ్మే పాత్ర ఉంటుంది, అందులో ఉమ్మితే ఎవరూ తప్పుపట్టరు. అమ్మకపు గదులు చాలావరకు ఆదివారం మూసేస్తారు, మిగతా రోజుల్లోనూ కొన్నిచోట్ల మధ్యాహ్నం విరామం ఉంటుంది.

అక్టోబర్, నవంబర్‌లో ‘టోర్గెలెన్’ అనే ఆనవాయితీ ఉంది. రైతుల ఇళ్లలో కాల్చిన చెస్ట్‌నట్‌లతో కొత్త వైన్ వడ్డిస్తారు. అక్కడ దొరికే ‘సూసర్’ ఇంకా పులుస్తున్న ద్రాక్షరసం. తియ్యగా జ్యూస్‌లా దిగుతుంది, మత్తు తర్వాత తెలుస్తుంది. సీసాలో పట్టుకెళ్లాలంటే మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది కాబట్టి సీసా పగలొచ్చు. పిల్లలకి ఆపిల్ రసం అడగండి, ఆ ఊళ్ల పంటే అది.

మరో మాట. నడకదారులు పందిళ్ల కిందనుంచే వెళ్తాయి కానీ గుత్తులు కోయకండి. అది దొంగతనం కింద లెక్క, పైగా వాటిమీద పురుగుమందు చల్లి ఉండొచ్చు.

ప్రశ్న: మేం శాకాహారులం. తినడానికి ఏం దొరుకుతుంది?

జవాబు: దొరుకుతుంది, అడిగి తినాలి అంతే. ‘ష్లుట్స్‌క్రాప్ఫెన్’ కజ్జికాయ ఆకారంలో పల్చటి పిండిలో పాలకూర, మెత్తటి జున్ను కూరి ఉడికించి, కరిగిన వెన్న పోసి ఇస్తారు. ‘స్పినాట్‌క్నోడెల్’ ఎండిన బ్రెడ్ ముక్కలు, పాలు, పాలకూరతో చేసే ఉండలు. వీటిలో గుడ్డు ఉంటుంది, ష్లుట్స్‌క్రాప్ఫెన్ పిండిలోనూ సాధారణంగా కలుపుతారు. పైన చల్లే పార్మిజాన్ జున్ను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో (పాలను గడ్డకట్టించే పదార్థం) చేస్తారు, వద్దంటే ముందే చెప్పాలి. బార్లీ సూప్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, అందులో పొగబెట్టిన పంది మాంసం మామూలే. క్నోడెల్‌ను సూప్‌లో ఇచ్చేచోట ఆ నీళ్లు సాధారణంగా మాంసం ఉడికించినవి. జర్మన్‌లో ‘ఓనె ఫ్లైష్, ఓనె స్పెక్’ అని చెప్పండి, మాంసం, పొగబెట్టిన పంది మాంసం రెండూ లేకుండా అని అర్థం.

రెస్టారెంట్ల వంటగది మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, సాయంత్రం ఆరున్నర, ఏడు నుంచి 9 దాకా ఉంటుంది. మూడింటికి ఆకలేస్తే కేకులే దిక్కు. గుడ్డు కూడా తిననివాళ్లు వంటగది ఉన్న ఫామ్ హౌస్ తీసుకోవడమే సుఖం.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పాపతో సరస్సులో దిగొచ్చా?

జవాబు: దిగొచ్చు. లోతు ఎక్కడా ఆరు మీటర్లు మించదు, అందుకే త్వరగా వేడెక్కుతుంది కూడా. కానీ దక్షిణపు ఒడ్డు రెల్లుతో నిండిన రక్షిత ప్రాంతం, అటునుంచి దిగకూడదు. టికెట్ కొని వెళ్లే స్నానఘట్టాలు వాడండి. మధ్యాహ్నం తర్వాత ‘ఓరా’ అనే దక్షిణగాలి లేస్తుంది. విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్లకి పండగే కానీ గాలి నింపిన ట్యూబు మీద పడుకున్న పిల్లలు చూస్తుండగానే దూరం కొట్టుకుపోతారు. ఈత పొద్దున్నే ముగించండి.

ఎండ ఎక్కువున్న మధ్యాహ్నాల్లో కాల్టెర్న్ నుంచి మెండెల్ కనుమకి ఫునిక్యులర్ (తాడుతో లాగే కొండ రైలు) ఎక్కండి. 1903 నుంచి ఉన్న ఈ బండి 64 శాతం వాలు దాకా ఎక్కుతూ 12 నిమిషాల్లో సుమారు 1,360 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పైన కిందకంటే ఐదారు డిగ్రీలు తక్కువ, పాపకి పొడుగు చేతుల చొక్కా పెట్టుకోండి. ఏటా మరమ్మతులకు కొన్నాళ్లు ఆపుతారు కనుక తేదీలు చూసుకోవాలి, చివరి బండి వేళ కూడా ఎక్కేముందే అడగాలి.