ఆ నల్లి సంగతి తర్వాత, ముందు నడుము దగ్గరి నల్లమచ్చ డాక్టరుకు చూపించండి

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. వయసు 61. మదనపల్లె దగ్గర మాకు కొద్దిగా మామిడితోట ఉంది. మట్టిలో బతికే కొత్త జాతి నల్లిని (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్ అంటారే అది) కనుగొన్నారని, దాని శరీర నిర్మాణం ఇలా ఉందని ఈమధ్య వార్త చదివి, నాకూ చూడాలనిపించింది. తోటలో గడ్డి మధ్య నల్లటి ప్లాస్టిక్ పళ్లెం పెట్టి చూస్తే నారింజ రంగు చుక్కల్లాంటివి దానిమీదికి ఎక్కాయి. పాత మైక్రోస్కోపు కింద చూశాను. ఆరు కాళ్లు, వీపు మీద ముందువైపు చిన్న పలక, ఒళ్లంతా ఈకల్లాంటి వెంట్రుకలు. బొమ్మ గీసి పంపుతున్నాను. ఇది ఆరుద్ర పురుగు పిల్లా, కొత్త జాతా? ఎవరికి చూపించాలి? ఇంకో విషయం. ఆరు రోజులుగా జ్వరం, తలనొప్పి ఉన్నాయి. మెడికల్ షాపులో సెఫిక్సిమ్, పారాసెటమాల్ ఇస్తే వేసుకుంటున్నాను. లుంగీ కట్టుకునే చోట నడుము పక్కన నల్లగా చెక్కు కట్టిన చిన్న పుండు ఉంది. నొప్పి, దురద లేవు కాబట్టి పసుపు రాసి వదిలేశాను. షుగరుకు మాత్రలు వాడుతున్నాను.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో పురుగు గురించే ఎక్కువ రాశారు, మీ ఒంటి గురించి చివర్లో నాలుగు ముక్కలు. నేను ఆ నాలుగు ముక్కలే మళ్లీ మళ్లీ చదివాను. ఆరు రోజుల జ్వరం, తలనొప్పి, నొప్పీ దురదా లేని నల్లటి చెక్కు, గడ్డిలో తిరగడం, పైగా షుగరు. ఇవన్నీ ఒక మనిషిలో కనబడితే ఏ ఫిజీషియన్‌కైనా ముందు గుర్తొచ్చేది స్క్రబ్ టైఫస్, అంటే గడ్డిలోని నల్లి పిల్ల కుట్టడం వల్ల వచ్చే జ్వరం. ఉత్తరం చూసి జబ్బు తేల్చలేను, తేల్చకూడదు కూడా. కానీ అది కాదని రుజువయ్యేదాకా అదే అనుకుని నడుచుకోవాలి. ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మీకు విడిగా కబురు పెట్టించాను. వెళ్లే ఉంటారనుకుంటున్నాను. ఇలాంటి జ్వరంతోనే మాత్రలు మింగుతూ ఇంట్లో పడుకున్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మీ బొమ్మ చాలా శ్రద్ధగా ఉంది. నన్ను కలవరపెట్టిందీ ఆ బొమ్మే. నల్లి సాలెపురుగుల కుటుంబానికి దగ్గరి చుట్టం, పెద్దదైతే ఎనిమిది కాళ్లుండాలి. ఆరే ఉన్నాయంటే అది లార్వా, అంటే పిల్ల దశ. ఆ పలక, ఆ ఈక వెంట్రుకలు, ఆ రంగు కలిపి చూస్తే చిగ్గర్ అని మేం పిలిచే నల్లుల పిల్లలా కనబడుతోంది. ఈ కుటుంబానిది వింత బతుకు. పెద్దవి మట్టిలోనే ఉండి చిన్న చిన్న పురుగుల గుడ్లు తింటాయి, మన జోలికి రావు. ఆరు కాళ్ల పిల్ల మాత్రం ఒక్కసారి ఎలకనో, ఉడతనో, మనిషినో పట్టుకుని కడుపు నింపుకోవాలి. అందుకని గడ్డి కొసలకు, ఎండుటాకుల మీదికి ఎక్కి కూర్చుంటుంది. సైజు మిల్లీమీటరులో ఐదో వంతు. మీ నల్ల పళ్లెం లాంటిది లేకపోతే కంటికి ఆనదు, ఒంటిమీద పాకినా తెలియదు.

బొమ్మలో తల అని మీరు రాసింది నిజానికి తల కాదు. నల్లికి తల విడిగా ఉండదు. ముందుకు పొడుచుకొచ్చిన ఆ భాగం మొత్తం నోటి పరికరాలే. మధ్యలో కత్తుల్లాంటి జత ఒకటి, పక్కల పట్టుకోవడానికి మరో జత. ఆ కత్తులతో చర్మం పైపొరను గీరి లాలాజలం వదులుతుంది. ఆ లాలాజలం చర్మంలోనే గట్టిపడి సన్నటి గొట్టంలా తయారవుతుంది. చుట్టూ ఉన్న కణజాలం కరిగి ద్రవమైతే ఆ గొట్టంలోంచి పీల్చుకుంటుంది. చాలామంది అనుకున్నట్టు ఇది రక్తం తాగదు. వదిలేస్తే రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అతుక్కుని ఉంటుంది. ఆ నల్లిలో ఓరియెన్షియా సుట్సుగముషి అనే బ్యాక్టీరియా ఉంటే ఆ గొట్టం దారినే మనలోకి దిగుతుంది. ఈ బ్యాక్టీరియా తల్లి నల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకూ వస్తుంది. అందుకే ఒక తోటలో ఒక మూల ఏటా జ్వరాలు పుడుతుంటాయి, పక్క చేలో ఏమీ ఉండదు.

కుట్టిన చోట పొక్కు లేచి, పగిలి, నల్లగా చెక్కు కడుతుంది. సిగరెట్టుతో కాల్చినట్టు ఉంటుంది, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు, అదే మోసం. లుంగీ ముడి కింద, మొలతాడు కింద, చంకలో, గజ్జల్లో, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద, లంగా బొందు బిగిసే చోట వెతకాలి. అందరికీ ఉండదు, లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఉంటే మాత్రం అంతకంటే పెద్ద ఆధారం లేదు. మీకు కుట్టింది మీ పళ్లెంలో దొరికినదే అనుకోవద్దు. కుట్టాక జ్వరం రావడానికి సాధారణంగా పది పన్నెండు రోజులు పడుతుంది, ఆరు నుంచి 21 రోజుల దాకా తేడా ఉండొచ్చు. మీకు తెలియకుండా ఎప్పుడో కుట్టి ఉంటుంది.

ఇప్పుడు మీ మీద నాకున్న కోపం. సెఫిక్సిమ్ ఎవరు రాశారు? ఆ షాపులోని కుర్రాడు మీ చొక్కా ఎత్తి చూశాడా? పిల్లలకు సూక్ష్మజీవుల పాఠం చెప్పిన మీరు, జ్వరం ఎందుకొచ్చిందో తెలియకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టడం నాకు బాధనిపించింది. సెఫిక్సిమ్, అమాక్సిసిలిన్ లాంటి మందులు బ్యాక్టీరియా గోడ మీద దెబ్బ కొట్టే మందులు. ఈ బ్యాక్టీరియాకు ఆ గోడ నామమాత్రం. పైగా అది మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది. సెఫిక్సిమ్ పది రోజులు మింగినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పారాసెటమాల్ వేసుకున్న నాలుగు గంటలు ఒళ్లు చల్లబడి తగ్గుతోందన్న భ్రమ కలుగుతుంది. ఈ భ్రమలోనే మొదటి వారం గడిచిపోతుంది. రెండో వారంలో ఊపిరితిత్తులు, కిడ్నీలు, కాలేయం, మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

కొన్నేళ్ల కింద నా దగ్గరికి ఒకావిడను పదో రోజున ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. గేదెలకు గడ్డి కోసే మనిషి. ఊళ్లో రెండు ఇంజెక్షన్లు, మూడు రకాల మాత్రలు అయ్యాయి. ఒక్క మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం. నర్సమ్మ లంగా బొందు వదులు చేసి చూస్తే కింద కందిగింజంత నల్లచెక్కు. ఆ పది రోజుల్లో ఒక్కరూ అక్కడ చూడలేదు. ఆవిడ బతికింది, కానీ ఆరు రోజులు ఐసీయూలో ఉండాల్సి వచ్చింది. మొదటి వారంలో వచ్చుంటే బహుశా మాత్రలతో ఇంటికి పోయేది. అప్పటి నుంచి మా ఓపీలో ఐదు రోజులు దాటిన జ్వరం ఏదైనా సరే, తల నుంచి పాదం దాకా చూడకుండా పంపను.

మీ డాక్టరు ఐజీఎం ఎలీసా రక్తపరీక్ష రాయొచ్చు, ఈ బ్యాక్టీరియా మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూసే పరీక్ష అది. మొదటి వారంలో అది నెగెటివ్ రావచ్చు, అది చూసి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోకండి. ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), లివర్ పరీక్షలు కూడా కావాలి. డెంగీ, మలేరియా, ఎలకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా ఇలాగే మొదలవుతాయి, వాటినీ చూడాలి. ఆ చెక్కును గోకి తీసెయ్యకండి, పసుపు కడిగేసి అలాగే చూపించండి. అవసరమైతే బ్యాక్టీరియా జన్యువును పట్టుకునే పీసీఆర్ పరీక్షకు దాన్నుంచే తీస్తారు. అనుమానం బలంగా ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండానే మందు మొదలుపెడతాం. సాధారణంగా డాక్సీసైక్లిన్, కొందరికి అజిత్రోమైసిన్. పాత మందులే, ఖరీదూ తక్కువే. సరైన మందు పడితే చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ముదిరిన కేసుల్లో ఈ రెంటినీ సెలైన్ దారిన కలిపి ఇస్తే, ఒక్కటే ఇచ్చినదానికంటే మేలని వెల్లూరు సీఎంసీ వైద్యుల నాయకత్వంలో మన దేశంలోనే జరిగిన అధ్యయనం 2023లో చూపింది. పేర్లు రాశాను కదా అని మళ్లీ అదే షాపుకు వెళ్లకండి. మోతాదు, ఎన్ని రోజులు, మీకు ఏది సరిపడుతుంది అన్నది మిమ్మల్ని చూసినవాళ్లే చెప్పాలి. గర్భిణులకు ఎంపిక వేరుగా ఉంటుంది.

జ్వరంలో షుగరు ఉన్నట్టుండి పెరుగుతుంది. తిండి తగ్గి మాత్రలు మామూలుగా వేసుకుంటే పడిపోవచ్చు కూడా. ఇంట్లో మీటరు ఉంటే చూసి రాసుకుని వెళ్లండి. ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం, మగత, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది కనబడినా ఓపీ క్యూలో నిలబడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

భయపడాల్సింది ఆలస్యానికే. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు, ఇంట్లోవాళ్లు మీ కంచం విడిగా పెట్టక్కర్లేదు. చిత్తూరు, తిరుపతి వైపు డాక్టర్లకు కొత్త జబ్బు కాదు, 2025 చివర్లో రాష్ట్రమంతా వార్తల్లో నలిగింది కూడా. టీకా లేదు. తోటకు వెళ్లేటప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి. బట్టలు గడ్డి మీద, పొదల మీద ఆరెయ్యొద్దు. ఇంటికి రాగానే సబ్బుతో గట్టిగా రుద్ది స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో వెయ్యండి.

మీరు అడిగిందానికి రెండు మాటలు. ఇది ఆరుద్ర పురుగు పిల్ల కాకపోవచ్చు. తొలకరికి ఎర్రటి ముఖమల్ కప్పుకుని పాకే ఆ పురుగు దీనికి చుట్టమే, కానీ కుటుంబం వేరు. దాని పిల్లలు మిడతల్లాంటి పురుగుల మీద బతుకుతాయి, మనుషుల జోలికి రావు. ఇక కొత్త జాతా అంటే, మీరు చెప్పిన గుర్తులు చిగ్గర్ కుటుంబంలో చాలా జాతులకు ఉన్నవే. మన దేశంలో ఈ జ్వరానికి ముఖ్య కారణమైన లెప్టోట్రోంబిడియం డెలియెన్స్‌ను 1922లోనే వర్ణించారు, సుమత్రాలోని డెలి ప్రాంతం పేరే దానికి పెట్టారు. జాతులను విడదీసేది ఆ వీపు పలకే. దాని పొడవు వెడల్పులు, అంచున ఉన్న వెంట్రుకలు, మధ్యలో పొడుగ్గా లేచిన రెండు స్పర్శ వెంట్రుకల మొదళ్ల మధ్య దూరం, ఇవన్నీ మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. బడి మైక్రోస్కోపుతో అయ్యే పని కాదు. కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు గానీ, పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌కు గానీ రాయండి. ఉన్నవాటిని 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, చోటు, తేదీ పెన్సిల్‌తో చీటీ మీద రాసి సీసాలోనే వెయ్యండి. కొత్తవి పట్టడానికి మాత్రం ఇప్పుడు తోటలోకి వెళ్లొద్దు.

ఈ నెలలో మీ తోటలో గడ్డి కోసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు ఎవరెవరో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎవరికైనా జ్వరం ఉందని తెలిస్తే వాళ్లనూ మీతోపాటు ఆసుపత్రికి తీసుకెళ్లండి.