గుంతలు కొట్టించే ముందు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. లంకమల పక్క ఫారెస్టు రేంజిలో ఛార్జి తీసుకున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. మొన్న ఫోనులో "మామా, రెండు వందల హెక్టార్లలో ప్లాంటేషన్ వేయాలి, ఏ మొక్కలైతే గాలిలోని కార్బన్‌ను ఎక్కువ పట్టి ఉంచుతాయి?" అన్నావు. మొక్కల సంగతి తర్వాత పాపా. ముందు ఆ నేలను కాలినడకన చూశావా?

కాగితం మీద దాన్ని క్షీణించిన అడవి అని రాసుంటారు. మేమూ అలాగే రాశాం. నా సర్వీసు మొదట్లో అలాంటి చిట్టడవిలోనే పాతిక హెక్టార్లు దున్నించి జామాయిల్ వేయించాను. కలివి, రేగు పొదలను వేళ్లతో సహా పెకలించి కుప్పలు పోయించాను. మొక్కలు ఏపుగా వచ్చాయి, పైనుంచి మెప్పూ వచ్చింది. మూడో ఏడు ఒక తెల్లవారుజామున ఆ తోటలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. ఒక్క కౌజు కూయలేదు. కాళ్ల ముందు ఒక్క పూరేడు లేవలేదు. కాలి కింద ఎండాకు చప్పుడు, అంతే. ఇంకో రెండేళ్లకు కొట్టి కాగితం మిల్లుకు తోలాం. చెట్లు పట్టిన కార్బన్‌లో చాలా భాగం మళ్లీ గాలిలోకే పోయింది. పొదలు మాత్రం తిరిగి రాలేదు. ఆ తప్పు నాది. అది నీ చేతుల మీదుగా జరగకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

నువ్వు పని చేసే చోటు మామూలు చోటు కాదు. కలివికోడి అనే అరుదైన పక్షిని 1848లో శాస్త్రవేత్తలు గుర్తించారు. 1900 తర్వాత కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. దానికోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. అది రాత్రిపూట తిరిగే పక్షి. దానికి కావలసింది పెద్ద చెట్ల నీడ కాదు. అక్కడొక పొద, ఇక్కడొక పొద, మధ్యలో పరిగెత్తడానికి ఖాళీ నేల. ఆ ఖాళీలో మొక్క నాటితే దాని ఇంటి వాకిలి మూసినట్టే.

మరి కార్బన్ మాటేమిటంటావు. 2030 నాటికి అడవుల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడును పట్టి ఉంచుతామని దేశం మాట ఇచ్చింది. ఆ లక్ష్యం మంచిదే, నేను కాదనను. చిక్కల్లా కొలతలో ఉంది. ఒక హెక్టారుకు మించిన నేల మీద పది శాతం చెట్ల కప్పు ఉంటే చాలు, అటవీ సర్వే వాళ్ల లెక్కలో అడవే. అందులో జామాయిల్ తోటా ఒకటే, మామిడి తోటా ఒకటే. చిట్టడవికి, గడ్డినేలకు మాత్రం విలువ రాదు. గడ్డినేల తన కార్బన్‌లో ఎక్కువ భాగాన్ని మట్టిలో, వేళ్లలో దాచుకుంటుంది. పైన మంట వచ్చి పోయినా అది కింద పదిలంగానే ఉంటుంది. ట్రాక్టరు పెట్టి దున్నావంటే దాన్ని నువ్వే బయటికి వదిలినట్టు.

అందుకని ముందు నీ రెండు వందల హెక్టార్లను రెండుగా విడదీయి. పొదలు, గడ్డి ఉన్న భాగాన్ని ముట్టుకోవద్దు. అక్కడ ఇసుక పట్టీలు పరిపించి, పొద్దున్నే అడుగుజాడలు చూడు. ఏ జీవి తిరుగుతోందో ఆ ఇసుకే చెబుతుంది. ఒకప్పుడు చెట్లుండి నరికివేతకు పోయిన భాగం వేరే ఉంటుంది. నేల మీద చిరుమాను, సుండ్ర, ఎర్రచందనం మోడులు కనబడతాయి. నీ కార్బన్ అక్కడుంది. అక్కడ గుంతలు కూడా అక్కర్లేదు. పశువులు రాకుండా చూసి, ఒక్కో మోడుకు ఒకటి రెండు బలమైన పిలకలు ఉంచి, మిగతావి తీయించు. పాత వేరుంది కాబట్టి కొత్త మొక్క కంటే తొందరగా లేస్తుంది, కరువుకు తట్టుకుంటుంది.

ఇక విత్తనాలు. అడవిలో విత్తేవాళ్లు వేరే ఉన్నారు. వేసవిలో బండల మీద ఎలుగుబంటి పెంట కనబడితే పుల్లతో విప్పి చూడు. నల్లగా చెదపురుగుల తలకాయలు, మధ్యలో నున్నగా మెరిసే రేల గింజలు, తునికి గింజలు ఉంటాయి. తొలకరి తర్వాత అదే చోటికి వెళ్లి చూశాను నేను. పెంట కరిగిపోయింది, మొలకలు గుత్తిగా నిలబడి ఉన్నాయి. దుప్పులు ఉసిరికాయలు మింగి, నీడన నెమరు వేస్తూ గింజలు ఉమ్మేస్తాయి. అవీ మొలుస్తాయి. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే. ఆ కట్టె రేపు పుట్టాలంటే ఈ జంతువులు ఇవాళ బతికుండాలి. ఉచ్చులు ఏరించడం కార్బన్ పనే అని నీ బీటు సిబ్బందికి నచ్చజెప్పు.

కొన్నిచోట్ల కార్బన్ లెక్కకూ జంతువుల మేలుకూ పొసగదు, అది దాచను. చెట్టుకు చుట్టుకున్న తీగను నరికితే చెట్టు జోరుగా పెరుగుతుంది, కార్బన్ లెక్కకు లాభమే. కానీ కోతులు కొమ్మ నుంచి కొమ్మకు పోయేది దాని మీదే. పిలకల తోటలో లేత చెట్టును అణిచేస్తుంటే నరికించు, పెద్ద అడవిలో వదిలేయి. చచ్చి నిలబడ్డ మాను జోలికీ పోవద్దు. అందులో తొర్ర ఉంటుంది, తొర్రలో గుడ్లగూబో వడ్రంగిపిట్టో ఉంటుంది.

ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి కాల్చి తీసే ఖాళీ పట్టీలు, శివరాత్రి లోపే పూర్తి చేయించు. ఆలస్యమైతే నువ్వు పెట్టించే మంటే చేయి దాటుతుంది.

పైవాళ్లు మొక్కల సంఖ్య అడుగుతారు. కార్బన్ లెక్క కోసం ఛాతీ ఎత్తున చెట్టు చుట్టుకొలత తీసే నమూనా ప్లాట్లలోనే పెంటలు, అడుగులు, తొర్రలు, మొలకలు కూడా రాయించు. మూడేళ్ల పుస్తకం చేతిలో ఉంటే నీ మాటకు బలం ఉంటుంది. నా దగ్గర ఆ పుస్తకం లేకనే ఆనాడు నోరు మెదపలేకపోయాను.

జేసీబీని ఇప్పుడే పిలవొద్దు. దసరాకు నేనే వస్తాను, ఇద్దరం కలిసి ఆ నేలంతా నడుద్దాం. మంచి టార్చిలైటు ఒకటి తీసిపెట్టు.

ఇట్లు,
మీ మామయ్య