విదేశంలో వేకువ: వెళ్లబోయేవారికి, వెళ్లి అవస్థ పడుతున్నవారికి

ఏటా సంక్రాంతికి విజయవాడ వచ్చినప్పుడు, విదేశాలకు ప్రయాణం కట్టిన పిల్లలూ వారి తల్లిదండ్రులూ నన్ను అడిగే సందేహాలు ఎక్కువగా వీసా, పన్నులు, అద్దె ఇంటి ఒప్పందం చుట్టూ తిరుగుతాయి. వెళ్లి కొన్ని నెలలు గడిపినవారు ఫోన్ చేసి అడిగేది వేరు. “ఇంట్లో ఉన్నప్పుడు ఐదున్నరకల్లా లేచేవాణ్ణి బాబాయ్, ఇక్కడ ఏడున్నరకు కూడా మంచం దిగలేకపోతున్నాను, టిఫిన్ లేదు, పరుగులు పెడుతూ ఆఫీసుకు పోతున్నాను, ఏం చేయమంటారు?” అని, తమ బద్ధకాన్ని ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి అడుగుతారు. చికాగో శివార్లలో చాలా ఏళ్లుగా ఉంటున్న నేను వారికి మొదట చెప్పేది, ఇందులో బద్ధకం పాలు చాలా తక్కువని. విజయవాడలోనో గుంటూరులోనో మిమ్మల్ని పెందలాడే లేపినది మీ పట్టుదల ఒక్కటే కాదు. ఇల్లూ వీధీ ఎండా కలిసి లేపాయి. విదేశంలో ఆ పని చేసేవారు ఎవరూ లేరు కనుక, లేపే ఏర్పాట్లను మీరే ఒక్కొక్కటిగా కూర్చుకోవలసి ఉంటుంది.

బ్రాడీపేటలోనో పటమటలోనో ఒక ఇంట్లో ఉదయం ఎలా మొదలవుతుందో గమనించండి. గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు పడతాయి, వాకిలి ఊడ్చి నీళ్లు చల్లే చప్పుడు వినబడుతుంది, గుడి మైకులో సుప్రభాతం మొదలవుతుంది, మునిసిపల్ నీళ్లు వచ్చే వేళకు మోటారు వేయాలి, వంటింట్లో కుక్కర్ కూత వేస్తుంది, వీటన్నిటి తర్వాత కూడా లేవకపోతే “బారెడు పొద్దెక్కింది, ఇంకా పడకేనా నాన్నా?” అనే అమ్మ ఉండనే ఉంది. వీటికి తోడు మన ఎండలు. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లలో, ఇందిరాగాంధీ స్టేడియంలో నడవాలన్నా, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో పిల్లలను ఆటకు దింపాలన్నా, పొద్దెక్కక ముందే ముగించుకోవాలి. మన పెద్దల వేకువ అలవాటులో క్రమశిక్షణ ఎంత ఉందో ఎండకు భయపడటమూ అంతే ఉందని నా అభిప్రాయం.

విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరాన పదహారున్నర డిగ్రీల దగ్గర ఉన్నది కనుక సూర్యుడు ఏడాది పొడవునా దాదాపు ఒకే వేళకు వస్తాడు. జూన్ మొదట్లో సుమారు 5:35కు, జనవరిలో సుమారు 6:40కి సూర్యోదయం. తేడా గంటకు కాస్త ఎక్కువ. చికాగో 42 డిగ్రీల దగ్గర ఉంది. జూన్‌లో అక్కడ 5:15కే తెల్లవారితే, డిసెంబరు చివర 7:15 దాటాకగానీ సూర్యుడు కనబడడు, సాయంత్రం 4:30 లోపే అస్తమిస్తాడు. లండన్ ఇంకా పైన ఉంది కాబట్టి డిసెంబరు చివర సూర్యోదయానికి ఉదయం ఎనిమిది దాటుతుంది. ఆగస్టులో వెళ్లిన విద్యార్థికి ఇదేమీ తెలియదు, అప్పుడు చికాగోలో ఆరు గంటలకే వెలుతురు ఉంటుంది. అక్టోబరు చివరికి అది ఏడుంబావు దాటుతుంది. అతడు మాత్రం ఆగస్టులో పెట్టుకున్న అలారాన్నే నమ్ముకొని, చిమ్మచీకటిలో, రెండు పొరల అద్దాల కిటికీ దింపిన తెరల వెనుక, వీధి చప్పుడు ఏదీ చొరబడని గదిలో, హీటర్ వెచ్చదనంలో లేవాలని చూస్తుంటాడు.

శరీరానికి వెలుతురు కేవలం సౌకర్యం కాదు. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో ఒక గడియారం ఉంది. దాని ఒక చుట్టు మనుషులలో సగటున 24 గంటలకు కొన్ని నిమిషాలు ఎక్కువ. ఉదయపు వెలుతురు కంటిపై పడి ప్రతిరోజూ దాన్ని సరిచేస్తుంది, పడకపోతే రోజుకు కాస్త చొప్పున వెనుకబడుతూ పోతుంది. జీవకణాలలో ఈ గడియారం ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి తేల్చినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అందుచేత అలారం మోతను పెంచుకోవడం కంటే వెలుతురును కొని తెచ్చుకోవడం మేలు. అలారానికి అరగంట ముందు నుంచి మెల్లగా ప్రకాశం పెంచే పడకదీపాలు దొరుకుతాయి. చలికాలంలో మరీ కుంగిపోయేవారికి, 10,000 లక్స్ ప్రకాశం ఇచ్చే దీపం ముందు ఉదయం అరగంట కాఫీ తాగుతూ కూర్చోమని అక్కడి వైద్యులే చెబుతారు. కంటి జబ్బు ఉన్నవారు, మానసిక చికిత్సలో ఉన్నవారు డాక్టరును అడగకుండా దానిని వాడకూడదు. ఏమీ కొనదలచుకోకపోతే, లేచిన వెంటనే ఇంట్లోని దీపాలన్నీ వేయండి, తెల్లవారగానే పది నిమిషాలు బయట నడవండి, చలికి ముఖం మొద్దుబారినా సరే.

ఇక అసలు చిక్కు రాత్రి దగ్గర ఉంది. చలికాలంలో చికాగోలో రాత్రి తొమ్మిదిన్నర అయితే విజయవాడలో మర్నాడు ఉదయం తొమ్మిది. ఇక్కడ టిఫిన్లు అయిపోయి, నాన్నగారు పేపరు పక్కన పెట్టి, అమ్మ తీరికగా కూర్చునే సమయం. అటు నుంచి ఫోన్ రాగానే చుట్టాల పెళ్లి కబుర్లు, పక్కింటివారి స్థలం తగాదా, పిన్నిగారి మోకాళ్ల నొప్పి, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పదిన్నరకు ఫోన్ పెట్టేసిన పిల్లవాడు మనసు ఊరి మీదే ఉండగా ఒక సినిమా పెట్టుకుంటాడు, పన్నెండున్నర అవుతుంది. ఇలాంటి ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. తల్లిదండ్రులతో మాట్లాడటం తగ్గించమని నేనెన్నడూ చెప్పను, వేళ మార్చమంటాను. చికాగోలో ఉదయం ఆరున్నర అంటే చలికాలంలో ఇక్కడ సాయంత్రం ఆరు, వేసవిలో ఐదు. టీ తాగే వేళ, ఎవరికీ ఇబ్బంది లేదు. “రోజూ ఆరున్నరకు చేస్తానమ్మా” అని మాట ఇచ్చి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి కాఫీ కలుపుకుంటూ మాట్లాడండి. ఇరవై నిమిషాలలో ఆఫీసుకు తయారు కావాలని అమ్మే గుర్తు చేస్తుంది. అలారాన్ని నొక్కి మళ్లీ ముసుగుతన్నవచ్చుగానీ, అవతల ఫోన్ చేతిలో పట్టుకొని చూస్తున్న తల్లిని అలా నొక్కడం ఎవరికీ మనస్కరించదు. అలారాలన్నిటిలో నాకు తెలిసిన మంచి అలారం ఇదే. తల్లిదండ్రులకూ ఒక మాట: ఉదయం తీరికగా కూర్చుని పిల్లలకు ఫోన్ చేయాలనిపించినప్పుడు అక్కడ ఎన్ని గంటలో ఒకసారి చూసుకోండి.

వేళ మార్చుకున్నంత మాత్రాన నిద్ర తగ్గించుకోమని కాదు. పెద్దవారికి ఏడు గంటలకు తగ్గకుండా నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2015లో చెప్పింది. ఐదున్నరకు లేవాలంటే పదింబావుకల్లా దీపం ఆర్పాలి. ఎనిమిదికి లేచే మనిషి రేపటి నుంచే ఐదున్నరకు లేస్తానంటే వారం తిరగకుండా చతికిలబడతాడు. రెండు మూడు రోజులకు ఒకసారి పావుగంట చొప్పున ముందుకు జరపడం శరీరానికి సులువు. శని, ఆదివారాలలో పదకొండింటి దాకా పడుకుంటే అయిదు రోజుల శ్రమ నీళ్లలో కలుస్తుంది, గంట మించి సడలించకండి. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు తర్వాత మానడం మంచిది. మన ఫిల్టర్ కాఫీ అభిమానులకు ఈ సలహా రుచించదని నాకు తెలుసు. అమెరికాలో మెలటోనిన్ బిళ్లలు మందుల చీటీ లేకుండానే అమ్ముతారని వాటికి అలవాటు పడకండి. ఏడెనిమిది గంటలు నిద్రపోయినా పగలంతా తూగుతూ, రాత్రి గట్టిగా గురక పెట్టేవారు మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్లి శ్వాస ఆగే జబ్బేమైనా ఉన్నదేమో పరీక్ష చేయించుకోవాలి.

ఉదయం సమయమంతా తినేసేది వంటిల్లు. ఇక్కడ టిఫిన్ వేళకు ప్లేటులోకి వచ్చి పడుతుంది కనుక, దాని వెనుక ముందురోజు రాత్రి ఎంత పని జరిగిందో పిల్లలకు తెలియదు. ఆ రాత్రి పనినే అక్కడ నేర్చుకోవాలి. ఇడ్లీ పిండి అక్కడి చలికి పులవదు. మినప్పప్పు రుబ్బి రవ్వ కలిపిన గిన్నెను వేడి చేయని ఓవెన్‌లో పెట్టి లోపలి దీపం మాత్రం వెలిగించి ఉంచితే తెల్లవారేసరికి పొంగుతుంది, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ ఉన్నవారు పెరుగు తోడుపెట్టే మీట నొక్కినా సరిపోతుంది. శనివారం రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే గురువారం దాకా ఇడ్లీ, ఆ తర్వాత అట్లు. పెసరట్టుకు పులియబెట్టే పని లేదుగానీ, ఉదయం ఆరింటికి మిక్సీ వేయకండి. అక్కడి అపార్టుమెంట్లు చాలావరకు చెక్కతో కట్టినవి, చప్పుడు పైవారికీ కిందివారికీ వినబడుతుంది. ఒప్పందపత్రంలో నిశ్శబ్ద వేళలు రాసి ఉంటాయి, చదవండి. రవ్వ ఆదివారమే వేయించి డబ్బాలో పోసుకుంటే ఉప్మా పది నిమిషాల పని. కాఫీ ఫిల్టర్‌లో డికాక్షన్ రాత్రే వేసి పడుకోండి. గుంటూరు కారప్పొడి, కందిపొడి, నెయ్యి ఇంట్లో ఉన్నంతకాలం చట్నీ లేదన్న దిగులు అక్కరలేదు.

తాలింపు మాత్రం ఉదయం పెట్టకండి. రాత్రి వంటలోనే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, బట్టల అలమర తలుపు మూసి కానివ్వండి. ఎండుమిర్చి పొగకు స్మోక్ అలారం మోగితే ఉదయం పావుగంట దాన్ని ఆపడానికే పోతుంది, ఇంగువ వాసన పట్టిన ఉన్ని కోటుతో ఆఫీసు లిఫ్ట్ ఎక్కితే రోజంతా మీకే బిడియంగా ఉంటుంది. కూర రాత్రే డబ్బాకు సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, బియ్యం నీళ్లు పోసిన రైస్ కుక్కర్‌కు టైమర్ పెడితే లేచేసరికి అన్నం సిద్ధం. అగరుబత్తి కూడా అలారం కింద కాకుండా కిటికీ దగ్గర వెలిగించుకోవాలి, కొన్ని ఇళ్లలో ఒప్పందం ప్రకారం అసలు వెలిగించకూడదు.

నలుగురు కలిసి ఉండే ఇళ్లలో స్నానాల వరుస ముందే తేల్చుకోకపోతే ఉదయం తగవులు తప్పవు. వేడినీళ్ల ట్యాంకు ఒకటే ఉన్నచోట మూడోవారి వంతుకు నీళ్లు చల్లబడతాయి. ఒకరిద్దరు రాత్రి స్నానానికి మారితే అందరికీ సుఖం. తలస్నానం రాత్రిపూటే మంచిది, తడి జుట్టుతో సున్నా కంటే పది డిగ్రీల కింద ఉన్న చలిలోకి అడుగుపెట్టే అవసరం రాదు. కోటు, చేతితొడుగులు, టోపీ, బూట్లు, ఐడీ కార్డు ఒకే చోట తలుపు దగ్గర ఉండాలి. ఇక్కడ చెప్పులు వేసుకొని బయటపడినంత సులువుగా అక్కడ జనవరిలో బయటపడలేరు.

బయలుదేరే వేళను రైలు నుంచి వెనక్కి లెక్కించుకోవాలి. గుంటూరు నుంచి విజయవాడకు సీజన్ టికెట్ మీద తిరిగే ఉద్యోగులకు ఈ విద్య పుట్టుకతో వచ్చినట్టు తెలుసు. స్టేషనుకు ఎంత, బట్టలకు ఎంత, టిఫిన్‌కు ఎంత అని వెనక్కి తీసుకుంటూ పోతే లేవవలసిన వేళ దానంతట అదే తేలుతుంది. కారులో వెళ్లేవారు మంచు కురిసిన రోజున అద్దాలు గీకడానికీ, ఇంజిన్ వేడెక్కడానికీ పదిహేను నిమిషాలు అదనంగా కలుపుకోవాలి. చికాగో నగరంలో కొన్ని ప్రధాన రహదారులపై డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు, మంచు కురిసినా కురవకపోయినా, తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా కారు నిలపకూడదు. బోర్డు చూడకుండా నిలిపినవారి కారును లాక్కుపోతారు, ఇక ఆ ఉదయం సంగతి చెప్పనక్కరలేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇండియా జట్టుతో సమావేశాలు ఇంకొక చిక్కు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒకటి, ఉదయం ఏడింటికి ఒకటి పెట్టించుకొని రెండు వైపులా నిద్ర పోగొట్టుకునేవారు ఉన్నారు. ఉదయం ఎనిమిదికి పెడితే చలికాలంలో ఇక్కడ రాత్రి ఏడున్నర, వేసవిలో ఆరున్నర. రెండు జట్లకూ భరించదగిన వేళ అది. కొత్తవారమని మొహమాటపడకుండా మేనేజరును అడగండి, అడిగితే చాలావరకు మారుస్తారు.

మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. అరిజోనాలో చాలా భాగానికి, హవాయికి ఈ బాధ లేదు. మార్చి మార్పుకు నాలుగు రోజుల ముందు నుంచే రోజుకు పావుగంట చొప్పున ముందుగా పడుకుంటే ఆ సోమవారం తేలికగా గడుస్తుంది. ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా గంట జరుగుతుందని అమ్మకు ముందే చెప్పండి.

ఇంకా విమానం ఎక్కనివారికి ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడి నుంచి అమెరికా చేరిన మొదటి వారంలో చాలామందికి సాయంత్రమే కళ్లు మూతలు పడి, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తుంది. దానిని జబ్బుగా చూసి, ఎలాగైనా ఎనిమిది దాకా పడుకోవాలని ప్రయత్నించకండి. సాయంత్రం తొమ్మిది దాకా ఎలాగో ఓర్చుకొని మేలుకుని ఉండండి, రోజులు గడిచేకొద్దీ మెలకువ నాలుగు, నాలుగున్నర, ఐదు అంటూ జరుగుతూ వస్తుంది. అది ఐదున్నర దగ్గరికి వచ్చిన రోజున, ఇంకా జరగనివ్వకుండా, అక్కడే అలారం పెట్టేయండి.