కాంక్రీటు క్యూబు పగిలే క్షణం అందాలంటే సెకనుకు ఎన్ని రీడింగులు కావాలి?

మహబూబ్‌నగర్‌లోని మీ ల్యాబులో లోడ్‌సెల్ (లోడును కొలిచే సెన్సరు) నుంచి సెకనుకు ఒక్క రీడింగే రికార్డవుతోందని, గరిష్ఠ లోడు తప్పిపోతోందేమోనని, సెకనుకు వెయ్యి రీడింగులు నమోదు చేసే డేటా కార్డు కొనాలా అని అడిగారు. నల్లగొండలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబులో పనిచేసినప్పుడు నాకూ ఇదే అనుమానం ఉండేది. డబ్బు పెట్టే ముందు ఒక్క లెక్క వేసి చూడండి.

కాంక్రీటు బలం పరీక్షలకు భారత ప్రమాణమైన ఐఎస్ 516 ప్రకారం క్యూబుపై లోడు నిమిషానికి చదరపు మిల్లీమీటరుకు 14 న్యూటన్ల చొప్పున పెరగాలి. 150 మి.మీ. క్యూబు ముఖం 22,500 చదరపు మిల్లీమీటర్లు కనుక అది సెకనుకు 5.25 కిలోన్యూటన్లు. సెకనుకు ఒక్క రీడింగే ఉండి, రెండు రీడింగుల నడుమ క్యూబు పగిలినా బలంలో తేడా చదరపు మిల్లీమీటరుకు 0.24 న్యూటన్లకు మించదు. రిపోర్టులో రాసే అంకె కోసమైతే సెకనుకు పది రీడింగులే ఎక్కువ.

పగిలిన తరువాత ఏం జరిగిందో చూడాలన్నప్పుడే వేగం అవసరం. దేవరకొండ వైపు సైటు నుంచి వచ్చిన ఒక క్యూబు 700 కిలోన్యూటన్లు దాటాక గూబ గుయ్యిమనేలా పగిలి, పెచ్చులు జాలీకి తగిలాయి. నా గ్రాఫులో మాత్రం శిఖరం తరువాత రెండే చుక్కలున్నాయి. లోడ్‌సెల్ సంకేతాన్ని అంకెలుగా మార్చడానికి నేను వాడిన హెచ్ఎక్స్711 చిప్పు సెకనుకు 10 గానీ 80 గానీ రీడింగులు ఇస్తుంది. 10 మీద ఉంచితే, లోడు హఠాత్తుగా మారినప్పుడు రీడింగు కుదురుకోవడానికే 400 మిల్లీసెకన్లు పడుతుంది. 80కి మార్చాను, అయినా ఫైలులో సెకనుకు 40 వరుసలే కనిపించాయి. కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది: 9600 బాడ్ రేటులో (కంప్యూటరుకు డేటా పంపే వేగం) సెకనుకు 960 అక్షరాలే వెళ్తాయి, నా వరుస ఒక్కొక్కటి 24 అక్షరాలు. బాడ్ రేటు 1,15,200 చేయగానే 80 వరుసలూ వచ్చాయి.

వేగంతో పాటు సిగ్నలులో రొద (నాయిస్) కూడా వచ్చింది. పక్కనే వెల్డింగు షాపు. అక్కడ రాడ్డు తాకించినప్పుడల్లా ఇక్కడ గీత ఎగిరిపడేది. షీల్డు ఉన్న కేబులు వేసి, ఆ షీల్డును ఒక కొనలోనే ఎర్తు చేశాక చాలావరకు తగ్గింది. (అంతవరకు వాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు టెస్టులు చేసేవాణ్ణి.)

ఇంకొక్క మాట. మామూలు సీటీఎంలో (క్యూబును నొక్కి పగలగొట్టే మిషను) క్యూబు పగలగానే అంతవరకు సాగి ఉన్న ఫ్రేము తనలోని శక్తినంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. అప్పుడు ఎంత వేగంగా నమోదు చేసినా ఆ పడిపోయే గీతలో కాంక్రీటు గుణం కంటే మిషను గుణమే ఎక్కువ ఉంటుంది. స్థానభ్రంశాన్ని (నొక్కే ప్లేటు కదలికను) అదుపు చేస్తూ నడిచే గట్టి ఫ్రేము మీ దగ్గర లేకపోతే, వెయ్యి రీడింగుల కార్డు కొనవద్దనే చెబుతాను.